డౌట్ అంటే డౌటేనా?

ఈరోజు పొద్దుట్నుంచి 'డౌట్' అనే మాట ఎన్నిసార్లు అన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. గేటు దగ్గర పాలపాకెట్లు చూసి "ఇవాళ ఒకటి తక్కువేశాడని డౌట్" అని ఉంటారు. మబ్బు చూసి "సాయంత్రం వానొస్తుందో రాదో డౌటే" అని ఉంటారు. లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్న పిల్లవాడితో "ఎక్కడ్రా నీ డౌటు?" అని ఉంటారు. మూడుచోట్లా మీ మాట ఎదుటివాళ్లకి ఇట్టే అర్థమైంది. అది ఇంగ్లీషు మాటని కూడా ఎవరికీ తట్టలేదు. బస్సు, పెన్ను, టీచరు లాగే డౌటు కూడా మన ఇంటి మాటైపోయింది. డౌట్లు అని బహువచనం చేసుకున్నాం, 'డౌటొచ్చింది' అని సంధి కూడా కలిపేశాం.

మరి ఇంత చనువైన మాటతో ఇబ్బందేమిటి?

తెలుగులో ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఇదే మాటను, ఇదే అర్థం అనుకుని, ఇంగ్లీషు వాక్యంలో పెట్టి మన దేశం దాటించినప్పుడే చిక్కొస్తుంది.

నా దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకున్న ఒకమ్మాయి సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పనిలో చురుకు. ఒకరోజు ఇంగ్లండు క్లయింటుతో కాల్. అటువైపు పెద్దాయన ఇరవై నిమిషాలు తన డిజైన్ వివరించాడు. ఈ అమ్మాయికి ఒక్క విషయం తెలియాలి: మూడో టేబుల్‌లో పెట్టే తేదీలు, టైములు ఏ దేశం లెక్కలో ఉండాలి? అంతే. మ్యూట్ తీసి, మర్యాదగా, "ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్" అంది.

అటువైపు రెండు మూడు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత వచ్చిన గొంతు కాస్త బిగుసుకుని ఉంది. ఏ భాగం పనికిరాదని అనుకుంటున్నారో చెప్పండి అని అడిగాడాయన. ఆ అమ్మాయికి ఒళ్లంతా చెమటలు. "నో నో, నథింగ్" అని మళ్లీ మ్యూట్ నొక్కేసింది. అడగాల్సిన ప్రశ్న గొంతులోనే ఉండిపోయింది. రెండు వారాల తర్వాత సరిగ్గా ఆ టైముల దగ్గరే లెక్క తప్పింది.

నా దగ్గరికొచ్చి ఆమె అడిగిన మాట నాకింకా గుర్తుంది. "సార్, నేను చాలా చిన్న డౌటు అడిగాను. ఆయనెందుకు బాధపడ్డారు?" లెక్క తప్పినందుకు కాదు, ఆ తర్వాత నెల రోజులు ఆమె కాల్స్‌లో నోరు విప్పడమే మానేసినందుకు నాకు ఎక్కువ బాధ కలిగింది. ఆమెకు తెలివి తక్కువా? కాదు. వ్యాకరణం రాదా? ఆ వాక్యంలో ఒక్క తప్పు లేదు. ఆమె అన్నది ఒకటి, ఆయన చెవికి చేరింది ఇంకొకటి. ఆమె 'అడగాలి' అంది. ఆయనకు 'మీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదు' అని వినిపించింది.

మీకూ ఇలాంటి అనుభవం ఎదురైందా? అయితే తప్పు మీది కాదు. స్పెయిన్ వాళ్లూ, లాటిన్ అమెరికా వాళ్లూ ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు అచ్చం ఇక్కడే తడబడతారు. వాళ్ల 'దూదా' అనే మాట మన 'డౌటు' లాగే ప్రశ్నకూ పనికొస్తుంది, అపనమ్మకానికీ పనికొస్తుంది.

ఒక మాట, మూడు పనులు

తెలుగులో డౌటు ఎన్ని చాకిర్లు చేస్తోందో చూడండి. "సార్, నాలుగో లెక్కలో డౌటు" అన్నప్పుడు అది సందేహం. తెలియనిది తెలుసుకోవాలన్న కోరిక. "వాడే తీశాడని డౌటు" అన్నప్పుడు అది అనుమానం. ఇలా జరిగి ఉంటుందని మనసు ఒకవైపు మొగ్గడం. "వాడు టైముకి వస్తాడా? డౌటే" అన్నప్పుడు అది అపనమ్మకం. జరగదులే అని మనసు వెనక్కి లాగడం.

ఈ మూడింటికీ తెలుగులో మూడు చక్కని మాటలున్నాయి. వాటిని పక్కనపెట్టి ఒక్క డౌటుకే అన్ని పనులూ అప్పజెప్పాం. ఇంగ్లీషువాళ్లు మాత్రం డౌటుకు ఆ మూడోపనే ఇచ్చారు. మొదటి పనికి క్వశ్చన్ ఉంది. రెండోపనికి సస్పెక్ట్ ఉంది.

మొదటి రెండింటిలో ఎక్కువ ప్రమాదం ఏది? చాలామంది మొదటిదే అనుకుంటారు. నా లెక్కలో రెండోది. ఎందుకంటే మొదటిదాంట్లో అర్థం పక్కకు జరుగుతుంది, రెండోదాంట్లో పూర్తిగా తిరగబడుతుంది. ఒక ఉదాహరణ చూడండి. ఆఫీసులో టేబుల్ మీద పెట్టిన ఐదొందల నోటు కనిపించలేదు. కొత్తగా చేరిన కుర్రాడు తీశాడేమోనని మీ మనసులో ఉంది. "వాడే తీశాడని నాకు డౌట్" అన్న తెలుగు వాక్యాన్ని మక్కీకి మక్కీ ఇంగ్లీషు చేసి, "ఐ డౌట్ హీ టుక్ ద మనీ" అన్నారు. విన్న విదేశీ మేనేజరు తల ఊపుతూ "మీరు ఆ కుర్రాణ్ని నమ్మడం నాకు నచ్చింది" అంటాడు. ఎందుకంటే ఆ వాక్యానికి అర్థం 'వాడు తీసి ఉండడనే అనుకుంటున్నాను' అని! మీరు నేరం మోపబోయారు, ఆయనకు మీరు వెనకేసుకొచ్చినట్టు వినిపించింది.

ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే: ఇంగ్లీషులో 'ఐ డౌట్' అన్న తర్వాత ఏ వాక్యం వచ్చినా, అది జరగలేదనో, జరగదనో మీ ఉద్దేశం. 'ఐ సస్పెక్ట్' తర్వాత ఏది వచ్చినా, అది జరిగిందనో, జరుగుతుందనో మీ ఉద్దేశం.

ఒక ముచ్చట కూడా చెప్పాలి. మన వాడుక అర్థంలేనిదేమీ కాదు. షేక్‌స్పియర్ కాలంలో ఇంగ్లీషువాళ్లు కూడా డౌటును అనుమానించడమనే అర్థంలో వాడేవాళ్లు. భయపడటం అనే అర్థం కూడా ఉండేది. తర్వాత ఆ అర్థాలు వాడుకలోంచి జారిపోయాయి. ఆ పాత భయం 'రిడౌటబుల్' అనే మాటలో ఇంకా మిగిలే ఉంది. ఎవరినైనా 'ఎ రిడౌటబుల్ లాయర్' అంటే నమ్మదగని లాయరు అని కాదు, ఎదుటివాళ్లు జంకేంతటి ఉద్దండుడని. అది పొగడ్త.

ఇక చేయాల్సిన పనులు

1. నోరు తెరిచేముందు తెలుగులో తేల్చుకోండి. "ఇది సందేహమా, అనుమానమా, అపనమ్మకమా?" అని మనసులో ఒక్క క్షణం అడగండి. ఇంగ్లీషులో ఆలోచించండి అని చాలామంది సలహా ఇస్తారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను దానికి ఒప్పుకోను. ఇంగ్లీషు మాట మనల్ని తికమక పెట్టినచోట తెలుగే దారి చూపిస్తుంది. వారం రోజులు ఇలా ఆగి చూసుకోండి, ఆ తర్వాత ఆగే పనే ఉండదు.

2. సందేహమైతే 'క్వశ్చన్' అనండి. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ద థర్డ్ టేబుల్." "కెన్ ఐ చెక్ వన్ థింగ్?" "కుడ్ యూ ఎక్స్‌ప్లెయిన్ దట్ పార్ట్ అగైన్?" "ఐ యామ్ నాట్ క్లియర్ అబౌట్ ద డేట్స్." ఈ నాలుగు వాక్యాల్లో మీ నోటికి తేలికైనవి రెండు ఏరుకుని, అద్దం ముందు పదేసిసార్లు అనండి. నాలుగూ అక్కర్లేదు. కంగారులో గుర్తొచ్చేది నోటికి అలవాటైన మాటే.

మా అమ్మాయి, అదే, ఆ సాఫ్ట్‌వేర్ అమ్మాయి, ఏం చేసిందో తెలుసా? పసుపురంగు చీటీ మీద 'క్వశ్చన్' అని పెద్ద అక్షరాలతో రాసి, కంప్యూటరు తెర కింద అంచుకు అంటించుకుంది. మ్యూట్ తీసే బొమ్మకు సరిగ్గా కిందుగా. వేలు అటు వెళ్లినప్పుడల్లా కన్ను ఆ చీటీ మీద పడేది. మూడు నెలలకు జిగురు ఆరిపోయి చీటీ ఊడిపోయింది. మళ్లీ అంటించే అవసరం రాలేదు.

3. అనుమానమైతే మనిషి మీదా, వస్తువు మీదా అని చూడండి. వస్తువు మీదైతే 'ఐ సస్పెక్ట్' హాయిగా వాడొచ్చు. "ఐ సస్పెక్ట్ ద బ్యాటరీ ఈజ్ డెడ్" అంటే బ్యాటరీ అయిపోయిందనుకుంటా అని మాత్రమే. మనిషి మీదైతే ఆ మాట పోలీస్‌స్టేషన్ వాసన వేస్తుంది. "ఐ సస్పెక్ట్ హిమ్" అంటే కేసు పెట్టినంత బరువు. అక్కడ "ఐ థింక్ హీ మే హ్యావ్ టేకెన్ ఇట్" అని మెత్తగా చెప్పండి. ఇంకా మంచిది, రుజువు దొరికేదాకా ఏమీ అనకపోవడం. అనుమానం పెనుభూతం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

4. అపనమ్మకమైతే డౌట్ అని ధైర్యంగా అనండి. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి. డౌట్ వాడొద్దు అని విన్న కొందరు ఆ మాటంటేనే భయపడి పూర్తిగా మానేస్తారు. అలా చేస్తే ఒక మంచి పనిముట్టు పారేసుకున్నట్టే.

శుక్రవారానికి పని ఇచ్చెయ్యగలరా అని మేనేజరు అడిగాడు. అవదని మీకు తెలుసు. మీరేం అంటారు? మనలో నూటికి తొంభైమంది "వియ్ విల్ ట్రై" అంటాం. మన చెవికి అది 'కష్టమే' అన్నట్టు ఉంటుంది. అటువాళ్ల చెవికి 'అవుతుంది' అన్నట్టు ఉంటుంది. శుక్రవారం వస్తుంది, పని రాదు, మాటపోయిందన్న పేరు మాత్రం మీకొస్తుంది. 'కాదు' అని మొహం మీద చెప్పడానికి మనకు నోరు రాదు, నాకూ తెలుసు. పెద్దవాళ్ల ముందు కాదనకూడదని పెరిగినవాళ్లం. అదిగో అక్కడే ఈ మాట కాపాడుతుంది. "ఐ డౌట్ వియ్ కెన్ ఫినిష్ బై ఫ్రైడే. మండే ఈజ్ పాజిబుల్." కాదు అనకుండానే కాదన్నారు, వెంటనే ఏది అవుతుందో కూడా చెప్పారు. ఇందులో అమర్యాద రవంత లేదు. మొదటిసారి అన్నప్పుడు గుండె కొట్టుకుంటుంది. రెండోసారికి సర్దుకుంటుంది.

చిన్న జవాబుగా 'ఐ డౌట్ ఇట్' కూడా అలవాటు చేసుకోండి. ఇవాళ వానొస్తుందా? "ఐ డౌట్ ఇట్." కొట్టు ఇంకా తెరిచి ఉంటుందా? "ఐ డౌట్ ఇట్." అనుకోనులే, అన్నంత తేలిగ్గా ఉంటుంది.

5. 'ఫ్యూ' ముందు 'ఎ' మింగెయ్యకండి. మెయిల్‌లో "ఐ హ్యావ్ ఫ్యూ డౌట్స్" అని రాస్తుంటారు, కొన్ని డౌట్లున్నాయని చెప్పడానికి. 'ఎ' లేకపోతే 'ఫ్యూ' అంటే దాదాపు లేవని. అంటే ఆ వాక్యానికి ఇంగ్లీషు అర్థం 'నాకు డౌట్లు పెద్దగా లేవు, నమ్మకం కుదిరింది' అని. జవాబు ఎందుకు రాలేదా అని మీరిక్కడ ఎదురుచూస్తుంటే, వాళ్లక్కడ మీరు ఒప్పుకున్నారని పని మొదలుపెట్టేస్తారు. "ఐ హ్యావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్" అని రాసి, కింద ఒకటి, రెండు, మూడు అని అంకెలేసి అడగండి.

6. 'ఐ యామ్ డౌటింగ్' అనకండి, 'డౌట్ ఆన్' అనకండి. మొదటిదానికి 'ఐ డౌట్' చాలు. రెండోదానికి 'అబౌట్'. ఇంతకుమించి ఇందులో తలబద్దలు కొట్టుకోవాల్సిందేమీ లేదు.

7. 'బి' పలక్కండి. రాతలో ఉంది, నోట్లో లేదు. ఈ 'బి' కథ ముచ్చటైనది. ఈ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అందులో 'బి' లేనేలేదు. మూలం లాటిన్‌లోని 'దుబితారే' అని, అందులో 'బి' ఉందని గుర్తుకొచ్చి పండితులు తర్వాత దాన్ని రాతలో ఇరికించారు. అప్పుకు వాడే 'డెట్'లో 'బి' కూడా ఇలా వచ్చి కూర్చున్నదే. షేక్‌స్పియర్ 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకం 1598లో అచ్చయింది. అందులో హోలోఫెర్నిస్ అనే బడిపంతులు ఈ రెండు మాటల్లో 'బి'ని పలకనివాళ్లను తెగ విసుక్కుంటాడు. ఆ పంతులు ఓడిపోయాడు. జనం నోరు గెలిచింది. లాటిన్ మూలంలో మరో విశేషం ఉంది: ఆ మాట వెనక 'రెండు' అనే అర్థం దాక్కుని ఉంది. రెండు దారుల మధ్య నిలబడిన మనసన్నమాట.

నలుగురిలో వినిపించే జంటమాటలు

'నో డౌట్' అంటే మనం గట్టిగా, బల్లగుద్ది చెప్పినట్టు అనుకుంటాం. ఇంగ్లీషులో చాలాసార్లు అది 'బహుశా' అన్నంత మెత్తగా ఉంటుంది. "నో డౌట్ యూ ఆర్ టయర్డ్" అంటే అలసిపోయి ఉంటారులెండి అని. బల్లగుద్దాలంటే "దేర్ ఈజ్ నో డౌట్" అనో, "వితౌట్ ఎ డౌట్" అనో అనాలి. ఇంటర్వ్యూలో ఈ పని చేయగలవా అని అడిగితే 'నో డౌట్' కన్నా 'వితౌట్ ఎ డౌట్' నిటారుగా నిలబడుతుంది.

'బెనిఫిట్ ఆఫ్ ద డౌట్' మీకు రెండుచోట్ల తగిలే ఉంటుంది. క్రికెట్‌లో రనౌట్ అవునో కాదో అంపైరుకు తేలకపోతే బ్యాట్స్‌మన్‌కు అనుకూలంగా చెప్పడం ఆనవాయితీ. కోర్టులో నేరం రుజువైందా లేదా అన్నచోట సహేతుకమైన సందేహం మిగిలితే నిందితుణ్ని వదిలేస్తారు, మన పేపర్లు దాన్ని 'సంశయ లాభం' అని రాస్తాయి. కానీ ఈ మాట అసలు అక్కరకొచ్చేది ఇంట్లో. ఫోన్ ఎత్తని స్నేహితుడు, ఆలస్యంగా వచ్చిన పనిమనిషి, మార్కుల కాగితం చూపించని కూతురు. కారణం మీకింకా తెలియదు. తెలిసేదాకా మంచే అనుకోవడాన్ని ఇంగ్లీషులో "ఐ గేవ్ హర్ ద బెనిఫిట్ ఆఫ్ ద డౌట్" అంటారు. ఇంత మంచి వాడుక వాళ్ల భాషలో ఉన్నందుకు నాకు నిజంగా సంతోషం.

'డౌటింగ్ థామస్' అంటే కళ్లతో చూస్తే తప్ప నమ్మనివాడు. క్రీస్తు తిరిగి లేచాడంటే గాయాలు ముట్టుకుంటేనే నమ్ముతానన్న శిష్యుడు తోమా పేరు మీద వచ్చింది. ఆయన మన దేశానికి వచ్చాడని, చెన్నైలోనే మరణించాడని క్రైస్తవుల నమ్మకం. అక్కడి సెయింట్ థామస్ మౌంట్ ఆయన పేరుమీదే ఉంది.

ఇక్కడ కూడా మానెయ్యాలా?

అక్కర్లేదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో, ఇంటర్ కాలేజీ స్టడీ అవర్‌లో, బెంగళూరు ఆఫీసులో మనవాళ్ల మధ్య "ఐ హ్యావ్ ఎ డౌట్" అని నిక్షేపంగా అనండి. అది భారతీయ ఇంగ్లీషు, అందరికీ అర్థమవుతుంది. ఎదురుగా ఉన్నవాళ్లు ఎవరో చూసి మాట మార్చుకోవడమే మీరు నేర్చుకోవాల్సింది. అమెరికాలో చదువుకోడానికి వెళ్తున్న పిల్లలు మాత్రం విమానం ఎక్కేముందే 'క్వశ్చన్' అలవాటు చేసుకోవాలి. అక్కడి ప్రొఫెసర్లు ప్రశ్నల కోసమే 'ఆఫీస్ అవర్స్' అని విడిగా సమయం పెడతారు. తలుపు తోసుకుని వెళ్లి మొదటి మాటగా ఆయన పాఠం మీదే మీకు నమ్మకం లేదన్నట్టు చెప్పకూడదు కదా!

పాఠం చెప్పేవాళ్లకు నాదొక మనవి. గంట చివర్లో "ఎనీ డౌట్స్?" అని అడుగుతాం, క్లాసంతా నిశ్శబ్దం. పిల్లలకు అన్నీ అర్థమయ్యాయా? కాదు. 'నాకు డౌటుంది' అంటే నాకు బుర్రకెక్కలేదని ఒప్పుకున్నట్టు వాళ్లకు అనిపిస్తుంది. "ఇందులో ఏం అడగాలనిపిస్తోంది?" అని అడిగి చూడండి. నా క్లాసులో ఇలా మార్చిన రోజే, ఏడాదంతా నోరు విప్పని వెనక బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు.

ఇప్పుడు మీ వంతు. కింది నాలుగింటినీ ఇంగ్లీషులో చెప్పండి. జవాబులు చూసేముందు పైకే అనండి.

ఒకటి, "మోటారు కాలిపోయిందేమోనని డౌటు." రెండు, "మామయ్య ఈసారి పండక్కి వస్తాడా? డౌటే." మూడు, "ఆయన నిజాయితీపరుడు, అందులో డౌటే లేదు." నాలుగు, అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన అమ్మ మందుల షాపు కౌంటర్ దగ్గర నిలబడింది. "ఈ మాత్ర అన్నానికి ముందా, తర్వాతా? డౌటుగా ఉంది."

మొదటిది అనుమానం: "ఐ సస్పెక్ట్ ద మోటర్ హ్యాజ్ బర్న్‌ట్ అవుట్." రెండోది అపనమ్మకం: "ఐ డౌట్ అంకుల్ విల్ కమ్ దిస్ టైమ్." మూడోది బల్లగుద్దడం: "హీ ఈజ్ ఆనెస్ట్, దేర్ ఈజ్ నో డౌట్ అబౌట్ ఇట్." నాలుగోది సందేహం, కాబట్టి 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అని మొదలుపెట్టి ఉంటారు. తప్పు లేదు. కానీ ఆ అమ్మకు అది కూడా అవసరం లేదు. మాత్రల డబ్బా చేత్తో చూపిస్తూ, "బిఫోర్ ఫుడ్, ఆర్ ఆఫ్టర్ ఫుడ్?" అంటే చాలు. కౌంటర్ వెనక ఉన్న ఆయన డబ్బా తిప్పి, లేబుల్ మీద ఆ లైను వేలితో చూపిస్తాడు.